నాసిక్ వైనరీలకు వెళ్తున్నారా? ఇక్కడ ఉండేవాడిగా నేను చెప్పే పద్ధతి

మేము నాసిక్‌లో స్థిరపడి పన్నెండేళ్లు దాటింది. డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఫోన్లు మొదలవుతాయి. "షిరిడీకి ఎలాగూ వస్తున్నాం, ఆ వైన్ తోటలు కూడా చూద్దామనుకుంటున్నాం, ఎలా వెళ్లాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. రోజుకు రెండు వైనరీలు (వైన్ తయారుచేసే చోట్లు) చాలు. మా ఇంటికి వచ్చినవాళ్లలో మూడోది పెట్టుకున్నవాళ్లు ఎవరూ దాన్ని సరిగ్గా చూడలేదు. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే కింద చెప్పినవన్నీ తేలిగ్గా కుదురుతాయి.

## 1. ముందు నెల, తర్వాత తేదీ

ఇక్కడ ద్రాక్ష తీగకు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తారు. ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో ఇంకోసారి. కాయ పట్టేది రెండో కత్తిరింపు తర్వాతే. కాబట్టి తీగ మీద గుత్తులు చూడాలంటే డిసెంబర్ చివరి నుంచి మార్చి మధ్యలోపు రావాలి. కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. కాళ్లతో ద్రాక్ష తొక్కించే సరదా కార్యక్రమాలు కూడా ఆ రోజుల్లోనే పెడతారు.

జూలై, ఆగస్టుల్లో వస్తే తోటలు పచ్చగా ఉంటాయి, కొండల మీద మబ్బులు దిగుతాయి, గంగాపూర్ డ్యామ్ నీళ్లతో కళకళలాడుతుంది. కానీ తీగకు ఒక్క కాయ ఉండదు. "ద్రాక్షే లేని ద్రాక్షతోటకు తీసుకొచ్చావేంటి" అని పిల్లలు అడుగుతారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిపోతుంది. ఆ రెండు నెలలు రావద్దనే చెబుతాను.

నెల తేలాక తేదీ. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

- 26 జనవరి, 15 ఆగస్టు, 2 అక్టోబర్ డ్రై డేలు. ఆ రోజు టేస్టింగ్ (వైన్ రకాలు కొద్దికొద్దిగా రుచి చూపించడం) ఉండదు, బాటిల్ అమ్మరు.
- మనం తొలి ఏకాదశి అనే ఆషాఢ ఏకాదశి మహారాష్ట్రలో చాలా పెద్ద పండుగ. అదీ డ్రై డేనే.
- ఎన్నికల పోలింగ్‌కు ముందు రెండు రోజులు, ఓట్ల లెక్కింపు రోజు కూడా అంతే. మున్సిపల్ ఎన్నికలైనా సరే.
- శని, ఆదివారాల్లో ముంబై, పుణే జనం వస్తారు. మంగళవారం నుంచి గురువారం మధ్య వస్తే గైడ్‌తో నాలుగు మాటలు మాట్లాడే వీలుంటుంది.
- ఫిబ్రవరి ప్రాంతంలో సులా వైనరీ పెట్టే సంగీత ఉత్సవం, సులా ఫెస్ట్ జరిగే వారాంతంలో గదుల రేట్లు బాగా పెరుగుతాయి. పాటల కోసం వచ్చేవాళ్లకు సరే, తోట చూడ్డానికైతే ఆ వారం వద్దు.
- 2027లో ఇక్కడ సింహస్థ కుంభమేళా ఉంది. ముఖ్య స్నానాలు ఆగస్టు, సెప్టెంబర్‌లలో. ఆ రోజుల్లో స్నానానికి రండి, వైనరీల ఆలోచన పెట్టుకోవద్దు.

మా బావమరిది ఒక ఏడాది సెలవు కలిసొస్తుందని సరిగ్గా 26 జనవరికి టికెట్లు చేసుకున్నాడు. నన్ను అడగలేదు, నేనూ తేదీ చూసుకోలేదు. ఆరుగురం వెళ్లి తోట చూసి, ద్రాక్షరసం తాగి వచ్చాం. అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది తేదీయే.

## 2. రావడం, దిగడం

సికింద్రాబాద్ వైపు నుంచి ముంబై వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్‌లో ఆగుతుంది. కాకపోతే తెల్లవారకముందే దింపేస్తుంది, గది ముందే చెప్పి ఉంచుకోవాలి. అజంతా ఎక్స్‌ప్రెస్‌లో మన్మాడ్‌లో దిగి రైలు మారడం ఇంకో దారి. కోస్తా వాళ్లకు కాకినాడ–షిరిడీ రైలు ఉంది. షిరిడీ నుంచి ఇక్కడికి సుమారు 90 కిలోమీటర్లు. విమానాశ్రయం ఊరికి దూరంగా ఓఝర్‌లో ఉంది.

నాసిక్ రోడ్ స్టేషన్ పక్కనే బస తీసుకోవద్దు. వైనరీలు ఊరికి రెండో కొసన ఉంటాయి, పొద్దున్నే ఊరంతా దాటాల్సి వస్తుంది. గంగాపూర్ రోడ్, కాలేజ్ రోడ్ వైపు చూడండి. పెద్దవాళ్లు వెంట ఉండి, గోదావరి స్నానాల రేవు రామకుండానికి నడిచి వెళ్లాలంటే పంచవటిలో ఉండండి. తోటల మధ్య ఉండే రిసార్టులు బాగుంటాయి కానీ ఖర్చు ఎక్కువ. ఒక్క రాత్రికి చాలు.

చలి సంగతి చాలామంది మర్చిపోతారు. జనవరిలో రాత్రిపూట ఇక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగుతుంది. స్వెటర్, పిల్లలకు మంకీ క్యాప్ తెచ్చుకోండి.

## 3. ఏ వైనరీ? దిక్కును బట్టి ఎంచుకోండి

ఇక్కడి వైనరీలన్నీ ఒకచోట లేవు. మ్యాప్‌లో దగ్గరగా కనిపించినా పల్లె రోడ్ల మీద టైమ్ పడుతుంది. అందుకే ఒక రోజుకు ఒక దిక్కు పెట్టుకోండి.

గంగాపూర్ వైపు. సులా, యార్క్, సోమా మూడూ ఇటే. ఊరి నుంచి అరగంట ప్రయాణం. మొదటిసారి వచ్చేవాళ్లకు నేను చెప్పేది పొద్దున సులా, సాయంత్రం యార్క్. సులా పెద్దది, అన్నీ ఒక పద్ధతిలో చూపిస్తారు, కాబట్టి వైన్ ఎలా తయారవుతుందో అక్కడ అర్థం చేసుకోండి. యార్క్ చిన్నది, ఎదురుగా డ్యామ్ నీళ్లు కనిపిస్తాయి. అక్కడ నిదానంగా కూర్చోండి.

సంజేగావ్ వైపు. గ్రోవర్ జంపా, వలోన్. ఇగత్‌పురి దిశలో, సుమారు గంట ప్రయాణం. జనం తక్కువ. రెండోసారి వచ్చేవాళ్లకు, ముంబై నుంచి కారులో వచ్చేవాళ్లకు ఇది అనువుగా ఉంటుంది.

దిండోరి వైపు. షాందాన్ ఇక్కడే. నురుగు వైన్ మీద ఆసక్తి ఉంటేనే ఇంత దూరం.

## 4. బుకింగ్: ఫోన్‌లో అడగాల్సినవి

ఆన్‌లైన్‌లో స్లాట్ దొరికినా ముందురోజు ఒకసారి ఫోన్ చేయండి. హిందీలో మాట్లాడితే చాలు.

- రేపు టూర్ ఉందా? ఎన్ని గంటలకు, ఎంతసేపు?
- టేస్టింగ్‌లో ఎన్ని రకాలు పోస్తారు? ఏవేవి?
- పిల్లలను రానిస్తారా? ఏ గంట వరకు?
- తాగని వాళ్లకు టూర్ మాత్రమే టికెట్ ఉందా?
- కోత నడుస్తోందా? ద్రాక్ష దింపుకునే చోటు చూపిస్తారా?
- వీల్‌చెయిర్ వెళ్తుందా? (అమ్మానాన్నలతో వస్తుంటే)

మహారాష్ట్రలో వైన్ తాగడానికి 21 ఏళ్లు నిండాలి. కాలేజీ పిల్లలు వెంట ఉంటే ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోమనండి.

## 5. బండి సంగతి ముందే తేల్చండి

తాగినవాళ్లు బండి తోలకూడదు. ఇందులో మొహమాటం లేదు, "రెండు గుటకలేగా" అన్న మాట లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. ఆ పల్లె రోడ్ల మీద చీకటిపడ్డాక ట్రాక్టర్లు, పశువులు తిరుగుతుంటాయి. ఆ భయం జరిమానా కంటే పెద్దది.

యాప్‌లో క్యాబ్ పిలిస్తే పొద్దున దొరుకుతుంది. సాయంత్రం తిరిగి రావడానికి ఆ దారిలో దొరకడం కష్టం. మా ఆఫీసు వాళ్లు ముగ్గురు ఒకసారి రాత్రి ఎనిమిది దాకా రోడ్డు మీద నిలబడి, చివరికి నాకు ఫోన్ చేశారు. హోటల్లో చెప్పి రోజంతటికీ కారు మాట్లాడుకోండి. వెయిటింగ్, టోల్, డ్రైవర్ భోజనం అన్నీ కలిపి ఎంతో ఎక్కే ముందే తేల్చుకోండి. సొంత కారులో వస్తే తాగని మనిషి ఎవరో బయల్దేరే ముందే అనుకోండి. ఆ మనిషికి పొద్దున టూర్ పూర్తిగా చూపించండి, ఒక బాటిల్ ఇంటికి కొనివ్వండి.

## 6. ఆ రోజు ఇలా గడపండి

పొద్దున 8:30. కడుపు నిండా తినండి. ఖాళీ కడుపుతో టేస్టింగ్‌కు వెళ్తే మూడో గ్లాసుకే తల తిరుగుతుంది. నాసిక్‌లో పొద్దుటి తిండి అంటే మిసళ్. మట్కీ మొలకల కూర, పైన సేవ్, పక్కన పావ్, పెరుగు, అప్పడం. రస్సా అనే కారపు పులుసు విడిగా గిన్నెలో ఇస్తారు, కొంచెం కొంచెం పోసుకోవాలి. గంగాపూర్ వైపు వెళ్లే దారికి దగ్గర్లోనే సాధనా అనే హోటల్లో కట్టెల పొయ్యి మీద చేస్తారు. మన నోటికి ఆ కారం కొత్తేమీ కాదు, కానీ ఆరోజు సగమే పోసుకోండి. నాలుక మండుతుంటే వైన్ రుచి తెలియదు. "తిఖట్ కమీ" అంటే తగ్గిస్తారు.

బయల్దేరే ముందు. సెంటు, అత్తరు వద్దు. జడలో మల్లెపూలు ఆ పూటకు వద్దు. వక్కపొడి, కిళ్లీ, మింట్ బిళ్లలు కూడా వద్దు. వైన్‌లో సగం పని ముక్కుదే. ఒకసారి మా పిన్ని నాలుగు మూరల మల్లెలు పెట్టుకొని వచ్చింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లం అందరం ప్రతి గ్లాసులోనూ మల్లెల వాసనే చూశాం.

11 గంటలకు. మొదటి వైనరీ. టూర్, తర్వాత టేస్టింగ్.

1 గంటకు. అక్కడే భోజనం. శాకాహారానికి ఇబ్బంది లేదు. లీటరు నీళ్లు తాగండి.

3:30కి. రెండోది. ఇక్కడ మళ్లీ టూర్ వద్దు, టేస్టింగ్ ఒక్కటే, అదీ నచ్చిన రెండు మూడు రకాలు.

5:30కి. గ్లాసు పక్కన పెట్టి డ్యామ్ వైపు చూస్తూ కూర్చోండి. ఆ నీళ్లు గోదావరివే. పక్కనే త్ర్యంబకంలో పుట్టి, పట్టుమని పాతిక మైళ్లు నడవకముందే ఇక్కడ కట్టలో నిలిచింది. రాజమండ్రి నుంచి వచ్చిన మా పెద్దనాన్న మొదటిసారి చూసి, "ఇదా మన గోదారి? చెరువంతే ఉందే" అని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

7 లోపు ఊళ్లోకి వచ్చేయండి.

## 7. టూర్‌లో ఏం చూడాలి

గైడ్ గబగబా చెప్పుకుంటూ పోతాడు. మీరు మూడు విషయాలు పట్టుకుంటే చాలు.

మొదటిది తొక్క. ద్రాక్షరసం దాదాపు అన్నిటికీ లేత రంగే. తెల్ల వైన్‌కు పండును ముందే పిండి తొక్క తీసేస్తారు. ఎర్ర వైన్‌కు తొక్కతో సహా పులియబెడతారు. రంగు, వగరు వచ్చేది అందులోంచే. రోజే అనే గులాబీ రంగు వైన్‌కు తొక్కను కాసేపు మాత్రం ఉంచుతారు.

రెండోది చలి. స్టీలు ట్యాంకుల చుట్టూ చల్లదనం తిరిగే ఏర్పాటు ఉంటుంది. పులిసేటప్పుడు పుట్టే వేడిని అదుపు చేయకపోతే పండు వాసన పోతుంది. అక్కడ ఉండే మీటర్‌లో డిగ్రీలు ఎంత చూపిస్తుందో అడిగి తెలుసుకోండి.

మూడోది చెక్క పీపాలు. లవంగం, పొగ, వెనీలా లాంటి వాసనలు ఓక్ చెక్క నుంచి వస్తాయి. ఆ గదిలోకి వెళ్లగానే ఒకసారి గట్టిగా గాలి పీల్చండి. తర్వాత గ్లాసులో అదే వాసన తగిలితే గుర్తుపడతారు.

తోటలో నడిచేటప్పుడు గుత్తి కోయకండి. మందు కొట్టి ఉండొచ్చు, పైగా అది వాళ్ల పంట. గైడ్‌ను అడిగితే ఒక పండు తుంచి ఇస్తాడు. దాన్ని అరచేతిలో పెట్టుకొని చూడండి. మన బండ్ల మీద దొరికే సీడ్‌లెస్ కాయలో సగం కూడా ఉండదు. తొక్క మందం, లోపల గింజలు. కొరికితే ముందు బెల్లప్పాకం అంత తీపి, ఆ వెంటనే తొక్క నమిలేసరికి పళ్లకు వగరు పట్టుకుంటుంది. తినడానికి అంత బాగోదు. వైన్‌కు కావాల్సింది ఆ తొక్కా ఆ తీపే.

## 8. టేస్టింగ్: గ్లాసు చేతికి వచ్చాక

1. గ్లాసును కింది కాడ దగ్గర పట్టుకోండి. గిన్నె భాగం పట్టుకుంటే చేతి వేడికి చల్లదనం పోతుంది.
2. తెల్ల కాగితం మీద వంచి రంగు చూడండి. రెండు సెకన్లు చాలు.
3. కదపకుండా ఒకసారి వాసన చూడండి. తర్వాత బల్ల మీదే ఉంచి నాలుగు చుట్లు తిప్పి మళ్లీ చూడండి. తేడా మీకే తెలుస్తుంది.
4. చిన్న గుక్క తీసుకొని నోరంతా తడిసేలా తిప్పండి. వెంటనే మింగొద్దు.
5. మింగినా సరే, పక్కన పెట్టిన పాత్రలో ఉమ్మినా సరే. ఉమ్మడం తప్పేమీ కాదు, ఆ పాత్ర అందుకోసమే పెడతారు. మిగిలింది కూడా అందులో పోసేయొచ్చు.
6. ప్రతి రకానికీ మధ్య ఒక గుక్క నీళ్లు, చిన్న బిస్కెట్ ముక్క.

వరస ఇలా ఉండాలి: ముందు నురుగు వైన్, తర్వాత తెల్లవి, రోజే, ఎర్రవి, చివర తీపి వైన్. తీపిది ముందు తాగితే తర్వాత వచ్చేవన్నీ పుల్లగా అనిపిస్తాయి.

వాసనకు పేరు పెట్టడం రాదని చాలామంది బిడియపడతారు. బల్ల మీద పెట్టిన కాగితంలో ఉన్న గూస్‌బెర్రీ (మన ఉసిరి కాదు), బ్లాక్‌కరెంట్ మనం ఎన్నడూ తినలేదు. వాటిని వెతక్కండి. మన పెరట్లో, మన వంటింట్లో ఉన్నవి వెతకండి. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో నాకు దోర జామకాయ తగులుతుంది. ఇంకో తెల్ల రకం సావిన్యో బ్లాంక్‌లో అప్పుడే కోసిన క్యాప్సికమ్, నిమ్మతొక్క. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాలు, నేరేడు. ఎర్ర వైన్‌లో ట్యానిన్ అని గైడ్ చెప్పేదానికి మనకు ఎప్పటినుంచో మాట ఉంది, వగరు. పచ్చి ఉసిరికాయ కొరికితే నాలుక బిరుసెక్కుతుందే, అదే అది. ఎంత వగరుంది, ఎంత పులుపుంది, ఎంత తీపుంది అని మూడు మార్కులు వేసుకుంటే చాలు. మూడో గ్లాసుకల్లా మీకు ఏది నచ్చుతుందో మీకే స్పష్టంగా తెలిసిపోతుంది.

## 9. గుడి, గుహలు, వైన్ ఒకే ప్రయాణంలో

కుదురుతుంది, కానీ ఒకే రోజు వద్దు. త్ర్యంబకేశ్వరం ఊరి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. దానికి పూర్తిగా ఒక పొద్దుట కేటాయించండి. సోమవారాలు, శ్రావణమాసం రద్దీ చాలా ఎక్కువ. మొదటి రోజు త్ర్యంబకం, సాయంత్రం పంచవటి, రామకుండం, కాలారామ్ గుడి. రెండో రోజు వైనరీలు. పెద్దవాళ్లు రెండో రోజు రాకపోయినా వాళ్లకు లోటు ఉండదు, మీకూ టెన్షన్ ఉండదు.

మూడో రోజు దొరికితే పాండవ్‌లేణి గుహలు ఎక్కండి. మూడో నంబరు గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం గోడ మీద ఉంది. గౌతమీపుత్ర శాతకర్ణి గురించి మనం స్కూల్లో చదివిన మాటలు చాలావరకు ఆ రాతి మీదివే. మెట్లున్నాయి, పొద్దున్నే వెళ్తే ఎండ తగలదు.

## 10. తరచుగా జరిగే తప్పులు

షిరిడీ నుంచి ఒక్క పూటలో చూసి వెళ్లిపోదాం అనుకోవడం. రానూ పోనూ నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి. ఒక రాత్రి ఇక్కడ ఉండండి. కుదరకపోతే ఒక్క వైనరీ చూసి వెళ్లండి.

అన్ని రకాలూ పూర్తిగా తాగడం. డబ్బు కట్టాం కదా అని చివరి చుక్క దాకా తాగుతారు. సాయంత్రం తలనొప్పి. వైన్ ఎంత తాగారో అంతకు రెట్టింపు నీళ్లు తాగండి.

కారం వంటకంతో గాఢమైన ఎర్ర వైన్. మిరపకారం, వగరు కలిస్తే నోరు మండిపోతుంది. కొంచెం తీపి ఉన్న షెనిన్, లేదా రోజే తీసుకోండి.

తాగనివాళ్లను బలవంతం చేయడం. "ఒక్కసారికి ఏమవుతుంది" అనకండి. వాళ్లకు టూర్, తోట, భోజనం ఉన్నాయి. గర్భిణులు, మందులు వాడేవాళ్లు ముట్టుకోకూడదు.

ఫొటోల్లోనే గంట గడిపేయడం. ముందు టూర్ చూడండి, ఫొటోలు సాయంత్రం ఎండ మెత్తబడ్డాక తీసుకోండి. అప్పుడే బాగా వస్తాయి కూడా.

## 11. బాటిళ్లు ఇంటికి తీసుకెళ్లడం

ముందు మీ రాష్ట్రంలో పక్క రాష్ట్రం మద్యం తెచ్చుకోవడంపై ఎక్సైజ్ నిబంధన ఏమిటో చూసుకోండి. బిల్లు పారేయకండి. సులా మామూలు రకాలు హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి, వాటిని ఇక్కడి నుంచి మోయడం దండగ. వైనరీలో మాత్రమే అమ్మేవి ఏవో అడిగి వాటిలో ఒకటో రెండో కొనండి.

విమానంలో బాటిల్ చేతి సంచిలో పెట్టనివ్వరు, చెక్-ఇన్ సామానులోనే వేయాలి. నిండు బాటిల్ కిలో పైనే తూగుతుంది, 15 కిలోల లెక్కలో అదీ చూసుకోండి. ఒక్కో బాటిల్‌ను ప్లాస్టిక్ కవర్లో కట్టి, రెండు తువ్వాళ్లలో చుట్టి, పెట్టె మధ్యలో పెట్టండి. కారులో అయితే ఎండలో డిక్కీలో వదిలేయొద్దు, వేడికి వైన్ పాడవుతుంది.

పిల్లలకు, అత్తగారింటికి అంటే కొండాజీ చివడా అనే ఇక్కడి మిక్చర్, ఎండుద్రాక్ష కొనండి. ఫిబ్రవరి, మార్చిలో అయితే దారిలో తినే ద్రాక్ష పెట్టెలు దొరుకుతాయి. పెట్టె అడుగున ఉన్న గుత్తి కూడా తీసి చూసి కొనండి.

ఇంటికి చేరాక బాటిళ్లను వంటగది గట్టు మీద నిలబెట్టకండి. చీకటిగా, చల్లగా ఉండే అలమరలో, బెండు మూత ఉన్నవైతే పడుకోబెట్టి ఉంచండి. తాగే రోజు తెల్ల వైన్‌ను మూడు గంటల ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. ఎర్రదాన్ని కూడా మన ఎండలకు ఒక అరగంట ఫ్రిజ్‌లో ఉంచాకే తీయండి. మూత తీసిన బాటిల్ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే బాగుంటుంది. ఆ తర్వాత పులుపెక్కితే సింక్‌లో పోసేయండి.